తడి స్ఫటికము తెలిపిన రహస్యము

పొదిలి చుట్టుపట్ల మిరపకళ్లములను మేము చూచియున్నాము. చెట్టునుండి కోసిన పండుకాయ నిండుగా, నున్నగా నుండును. నాలుగెండలు కాయగానే తోలు ముడుతలు పడి, కాయ వంకరలు తిరిగి, లోపలి గింజలు గలగలలాడును. ఆ ఎండుకాయను మాత్రమే చూచి పండుకాయ రూపమును ఊహింపబోవువాడు పొరపడక తప్పదు. మాంసకృత్తుల నిర్మాణమును తెలిసికొనదలచిన శాస్త్రజ్ఞులకు తొలినాళ్లలో ఇట్టి చిక్కే ఎదురయ్యెను.

స్ఫటికములో అణువులు బారులు తీరి యుండును. దానిపై ఎక్స్ కిరణములను ప్రసరింపజేసినచో అవి చెదరి, ఫొటో ఫలకముపై చుక్కలుగా పడును. చుక్కల స్థానములను, గాఢతలను లెక్కకట్టి, ఏ పరమాణువు ఎచట నున్నదో కనుగొందురు. ఉప్పు, వజ్రముల నిర్మాణము 1913లోనే ఈ విధముగా తేలినది. మాంసకృత్తులు మాత్రము లొంగలేదు.

1934లో, జీర్ణరసమునందలి పెప్సిన్ స్ఫటికములు స్వీడను దేశపు ఉప్సలా నుండి, తాము పెరిగిన ద్రవముతోనే, కేంబ్రిడ్జి చేరినవి. జె. డి. బెర్నాల్ ఒక స్ఫటికమును వెలికితీసి చిత్రము తీయగా ఫలితము దక్కలేదు. సూక్ష్మదర్శినిలో చూడగా, అది ఆరుచున్నకొలది తన క్రమమును కోల్పోవుచుండెను. అంతట ద్రవముతో కూడ స్ఫటికమును సన్నని గాజుగొట్టములో మూసి చిత్రము తీసెను. చుక్కలు తేటగా పడినవి! ఆయనయు డొరొతీ క్రౌఫుటును ఆ మే నెలలోనే దీనిని ప్రకటించిరి. ఇట్టి స్ఫటికములలో ఇంచుమించు సగము నీరే. అది పోయినచో బారులు చెదరును. గది వేడిమిలో, తడిగా నుంచిన స్ఫటికములతోనే జాన్ కెండ్రూ 1958లో మయోగ్లోబిన్ రూపమును లోకమునకు చూపెను.

ఆ బెర్నాలే 1952లో మద్రాసు వచ్చెను. నాడు పొదిలి నెల్లూరు జిల్లాలో, మద్రాసు రాష్ట్రములో నుండెడిది. తోలునకు, ఎముకకు బలమిచ్చు కొల్లాజెన్ నిర్మాణము ఇంకను తేలలేదని ఆయన విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్ గారితో అనెను. కొల్లాజెన్ స్ఫటికము కాదు, నార. రామచంద్రన్ గారును, గోపీనాథ్ కర్తా గారును నగరములోని తోళ్ల పరిశోధనాలయమునుండి కంగారూ తోక నరమును తెచ్చి శోధించి, 1954లో మూడు పేటల రూపమును ప్రతిపాదించిరి. ఆ పేటలు త్రాడువలె మెలివేసికొని యున్నవని 1955లో సవరించిరి.

పిమ్మట వేరొక చిక్కు బాధించెను. ఎక్స్ కిరణములే స్ఫటికమును పాడుచేయును. అందుచే 1990ల నుండి సున్నకు దిగువ 173 డిగ్రీల చలిలో స్ఫటికమును ఘనీభవింపజేయుట వాడుక అయినది. వేలకొలది నిర్మాణములు అట్లు తేలినవి. కాని ఆ చలి అణువు కదలికలను బిగించివేయును. 30 మాంసకృత్తులను పోల్చి 2011లో ప్రకటించిన పరిశోధనలో, మూడవవంతుకు మించిన పార్శ్వశాఖల తీరు చలివలన మారినట్లు తేలినది. మందు వెళ్లి ఇమిడెడి గుంట ఆ శాఖల నడుమనే యుండును. దాని రూపము తప్పుగా తెలిసినచో మందు తయారీయే దారి తప్పవచ్చును. కావుననే 2020లో, కరోనా వైరస్‌కు ప్రాణాధారమైన ప్రోటియేజ్ అను ఎంజైమును అమెరికాలోని ఓక్ రిడ్జ్ శాస్త్రజ్ఞులు గది వేడిమిలోనే పరీక్షించిరి.

ఎండుమిరప యేడాది నిలుచును. దాని ప్రయోజనము దానికి కలదు. చెట్టుమీది కాయ ఎట్లుండునో తెలియవలెనన్నచో చేనికే పోవలెను. మన శరీరములో మాంసకృత్తులు తడిలో, వెచ్చదనములో పనిచేయుచున్నవి. 1934 నాటి గాజుగొట్టము నేర్పిన ఆ పాఠమునే శాస్త్రజ్ఞులు నేడు మరల చదువుచున్నారు.