అరవింద్ మహంకాళి

అమెరికా జాతీయ స్పెల్లింగ్ బీ పోటీలో 2013 విజేత. కుటుంబానిది హైదరాబాదు, అతను పెరిగింది న్యూయార్క్ నగరంలోని బేసైడ్ హిల్స్‌లో. గెలిచేనాటికి 13 ఏళ్లు.

అతని పోటీల చరిత్రంతా జర్మన్ గండం చుట్టూ తిరుగుతుంది. 2011లో ‘యూగెండ్‌ష్టీల్’ అనే కళాశైలి పేరు దగ్గర తడబడి మూడో స్థానంతో ఇంటిదారి పట్టాడు. 2012లో ‘ష్వానోమా’ అనే నరాల కణితి పేరు దెబ్బతీసింది. మళ్లీ మూడో స్థానమే. రెండూ జర్మన్ మూలం ఉన్న మాటలే. 2013 మే 30 రాత్రి ఇఎస్‌పిఎన్ కెమెరాల ముందు ఆఖరి మాటగా వచ్చింది ‘క్నేడెల్’. అదీ జర్మన్ నుంచి యిడ్డిష్‌లోకి దిగినదే. మన వంటింటి భాషలో చెబితే కుడుము. ఈసారి అక్షరం పొల్లుపోలేదు. పైనుంచి రంగు కాగితాలు రాలుతుంటే ఎగిరి గంతెయ్యలేదు. మెటికలు విరుచుకుంటూ పైకి చూస్తూ నిలబడ్డాడు. కప్పుతో పాటు 30,000 డాలర్లు దక్కాయి.

మర్నాటికే రభస. ఆ మాటను అలా రాయకూడదని యిడ్డిష్ పండితులు అభ్యంతరం చెప్పారు. పోటీకి ప్రమాణం మాత్రం వెబ్‌స్టర్ నిఘంటువు; అందులో ఉన్నట్టే అతను చెప్పాడు.

తెలుగువాళ్లకు ఈ పోటీ వింతగానే ఉంటుంది. నందిగామలోనో జగ్గయ్యపేటలోనో తెలుగు మాస్టారు డిక్టేషన్ చెబితే పలికినట్టే రాసేస్తారు. శ, ష, స దగ్గరో, ఒత్తుల దగ్గరో తప్ప చిక్కేముంది? మన అక్షరాల ఆట అవధానంలో ఉంది. వ్యస్తాక్షరిలో పృచ్ఛకుడు ఏడో అక్షరమనీ పన్నెండో అక్షరమనీ చెదరగొట్టి ఇస్తాడు. అవధాని వాటిని మనసులోనే పేర్చి చివర్లో వాక్యం అప్పజెబుతాడు. వారగణనంలో తేదీ చెబితే వారం చెప్పాలి. అక్షరాలతోనూ అంకెలతోనూ ఆడే ‘కౌంట్‌డౌన్’ బ్రిటన్ టీవీలో 1982లో మొదలైంది. మన సభల్లో అంతకు ఎంతో ముందే రెండూ నడిచాయి. అరవింద్ తాతగారు ఇంట్లో తెలుగు పద్యాలను ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ చదివేవారని అతని తండ్రి విలేఖరులతో చెప్పారు. ఈ గెలుపు వెనక కోచింగు కంటే ఆ ఇంటి అలవాటే ఎక్కువ కనిపిస్తుంది.

స్పెల్లింగ్ బీ 1925లో 9 మంది పిల్లలతో మొదలైంది. భారతీయ మూలాలున్న తొలి విజేత 1985లో బాలు నటరాజన్. 1989లో పుట్టిన నార్త్ సౌత్ ఫౌండేషన్ ఊరూరా నడిపే పోటీలు ప్రవాస పిల్లలకు తాలింఖానాలయ్యాయి. వాటి రాబడి ఇండియాలోని పేద విద్యార్థుల స్కాలర్‌షిప్పులకు వెళుతుంది. అరవింద్‌కు ముందు ఏడాది విజేత స్నిగ్ధ నందిపాటి. 2024లో బృహత్ సోమ 90 సెకన్లలో 29 మాటలు సరిగ్గా చెప్పి గెలిచాడు.

ఒకసారి గెలిచినవాళ్లకు మళ్లీ పోటీలో నిలబడే వీలులేదు. అరవింద్ ఆ వేసవి సెలవుల్లో భౌతికశాస్త్రం చదువుకుంటానని చెప్పి వేదిక దిగాడు.