కిరాయి షేర్వానీ

సియోల్‌లో గ్యాంగ్‌బోక్‌గుంగ్ మహల్‌కొచ్చే ముసాఫిర్లు కిరాయి హాన్‌బోక్ తొడుక్కుంటే టికెట్ మాఫ్. మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో కిరాయికి దొరికే పాతకాలపు లిబాస్ షేర్వానీ. నికా నాడు దుల్హా వేసుకుంటాడు, మర్నాడు వాపస్.

నిజాం జమానాలో ఇది ఒక్క మజహబ్ సొత్తు కాదు. 1918లో మొదలైన ఉస్మానియాలో హిందూ విద్యార్థులూ, దఫ్తర్లలో కాయస్థులూ షేర్వానీలోనే కనిపించేవాళ్లు. 1948 సెప్టెంబర్ 13న బెజవాడ వైపు నుంచి సూర్యాపేట దారిన ఫౌజ్ బయల్దేరింది. ఐదు రోజుల్లో రియాసత్ ఖతం. జుల్ము చేసింది రజాకార్లు, బద్‌నామ్ అయింది మాత్రం షేర్వానీ కూడా. తొడుక్కుని బజారుకెళ్లాలంటే మనవాళ్లకు ఖౌఫ్. మడిచి సందూకులో పెట్టేశారు.

ఇప్పుడు హిందువుల రిసెప్షన్‌లోనూ పెళ్లికొడుకు ఒంటిమీద అదే. ఎవరి కొలతకు వాళ్లకు దర్జీ పక్క కుట్లు విప్పుతాడు, మళ్లీ బిగిస్తాడు.