కోలారు జాబులు

రాండ్రా, మంట దగ్గరకు జరిగి కూచోండి. కోలారు జాబుల సంగతి చెప్తా.

మా జేజినాయన బంగారు గనికి పోయింది 1930కి ముందర. నాపరాయి కొట్టిన చేతులే. వానల్లేక కొర్రా జొన్నా ఎండిపోతే ఊర్లో బండలు కొనేదెవరు? బేతంచెర్లలో రైలెక్కి ద్రోణాచలం, గుంతకల్లు, బెంగళూరు మీద బౌరింగుపేటకు, ఇప్పటి బంగారుపేటకు, ఆడినుంచి మారికుప్పానికి. జాన్ టేలర్ కంపెనీ దొరలు 1880 నుంచి ఆడ తవ్విస్తాండ్రి. అరవోళ్లు, మన తెలుగోళ్లు వేలమంది. ఆ గనులకు 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటొచ్చింది. మనకు బుడ్డీదీపమే.

ఆడ జేజినాయన, ఈడ ఊర్లో జేజి, ఇద్దరికీ అక్షరం రాదు. ఆడ ఎవరో మేస్త్రీ రాస్తాడు, ఈడ బడి అయ్యవారు చదువుతాడు. నడుమ ఇద్దరు పరాయోళ్లుంటే మొగుడూపెండ్లాల మాటలు ఎట్లొస్తాయి? ఉభయకుశలోపరి, ఎద్దులు బాగుండాయా, పిల్లోడు బడికి పోతాండాడా, అంతే. అడ్రసు కాడ ఇంకో తిప్పలు. జేజి మొగుని పేరు పలకదు. అయ్యవారు ఎంతడిగినా తల దించుకుని పాత కార్డు ముందరకు తోసేది, చూసి రాసుకోమని.

మనియార్డరు ఫారం కింద చిన్న చీటీ ఉండేది, రెండు ముక్కలు పట్టేంత. పోస్టుమాను అది చదివి, రూపాయలిచ్చి, జేజితో వేలిముద్ర వేయించుకునేవాడు. 1930లో గనిలో కూలోళ్లంతా వేలిముద్రలియ్యాలన్నారని పెద్ద సమ్మె జరిగింది. ఈడ జేజి వేలిముద్ర వేస్తేనే డబ్బు, ఆడ ఆయన వెయ్యనని కూచున్నాడు! ఆ దినాల్లో డబ్బూ లేదు, జాబూ లేదు. జేజి కాళ్ల కడియాలు కుదువ పెట్టి, 'ఈడంతా బాగుండాది, తొందరపడొద్దు' అని రాయించింది.

ఆయనేమన్నా తక్కువా? లోతుకు పోయేకొద్దీ వేడి, దుమ్ము. పైన బరువుకు రాయి పేలినట్టు విరిగి మీదపడేది, దాన్ని ఏర్ బ్లాస్ట్ అనేవాళ్లు. చాంపియన్ రీఫ్ గనైతే ఆఖరుకు రెండు మైళ్ల లోతుకు చేరింది. ఇదేదీ ఏ కార్డులోనూ లేదు. 'పని సులువు, నీడపట్టునే' అని రాయించినాడు. నీడే మరి, భూమడుగున ఎండ యాడిది? దగ్గుకుంటా ఇంటికొచ్చినాకే జేజికి తెలిసింది.

నన్నడిగితే ఇద్దరూ అబద్ధాలకోర్లే.

గనులు 2001 ఫిబ్రవరి 28న మూసేసినారు. మీ ఇండ్లలో పాత ట్రంకుపెట్టెల్లో అట్లాంటి కార్డులు, మనియార్డరు చీటీలు ఉంటే పొయ్యిలో పెట్టొద్దండ్రా. నాకు తెచ్చియ్యండి, చదివి చెప్తా.