ఫలక్‌నుమా – దోమకొండ గడి: ఆకృతి, ప్రయోజనం

ఉపోద్ఘాతం

విక్టోరియా రాణి పాలనాకాలం (1837–1901)లో ఇంగ్లండు భూస్వాముల పల్లె భవనాలు పలు శైలుల్లో వెలిశాయి. గోథిక్ శైలికి ఆదరణ పెరిగిన ఆ రోజుల్లోనూ గ్రీకు, రోమను స్తంభ సంప్రదాయం కనుమరుగు కాలేదు. ఆ సంప్రదాయానికి తెలుగునేలపై ప్రసిద్ధ ఉదాహరణ హైదరాబాదులోని ఫలక్‌నుమా. అయితే ఆకృతి ఒకటైనంత మాత్రాన ప్రయోజనమూ ఒకటే అవుతుందా అన్నది ఇక్కడ విచార్యాంశం.

పొలం నడుమ ఇల్లు

ఈ శైలికి మార్గదర్శి ఇటలీ వాస్తుశిల్పి ఆంద్రేయా పల్లాదియో (1508–1580). 1570లో నాలుగు భాగాలుగా వెలువడిన ఆయన వాస్తుగ్రంథం ఐరోపాలో ప్రామాణికమైంది. వెనిస్ పరిసరాల్లో ఆయన రూపొందించిన విల్లాలు చాలావరకు వ్యవసాయ క్షేత్రాలలోనివే. మధ్యలో యజమాని నివాసం, ఇరువైపులా ధాన్యానికీ పనిముట్లకూ వరుస కొట్టాలు. ప్రాచీన దేవాలయాల స్తంభముఖాన్ని ఆయన ఇంటి వాకిటికి తెచ్చారు. కనుక అక్కడి సౌష్ఠవం కేవలం అలంకారం కాదు. సాగునూ యజమానినీ ఒకే చూపులో ఇమిడ్చే ఏర్పాటు.

కోఠీ నుంచి ఫలక్‌నుమా దాకా

హైదరాబాదులో ఈ శైలి మొదట అధికార చిహ్నంగా ప్రవేశించింది. రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ కాలంలో, 19వ శతాబ్ది ఆరంభాన, శామ్యూల్ రస్సెల్ రూపకల్పనలో కోఠీ రెసిడెన్సీ మొదలైంది. ఆరు కొరింథియన్ స్తంభాల ముఖమండపం కంపెనీ ప్రాబల్యాన్ని చాటింది. దానికి వ్యయం భరించినది మాత్రం నిజాం ప్రభుత్వం.

పాయెగా ప్రభువు వికారుల్ ఉమ్రా 1884లో ఫలక్‌నుమాకు పునాది వేశారు. నిర్మాణం సుమారు తొమ్మిదేళ్లు సాగింది. రూపశిల్పి విలియం వార్డ్ మారెట్. గుట్టమీద 32 ఎకరాల ఆవరణ, ముందువైపు స్తంభాల వరుసలు, లోపల ఇటలీ చలువరాయి, 101 మంది కూర్చోగల భోజనపు బల్ల. ముందుభాగం అతిథుల కోసం ఐరోపా రీతిలో ఉండగా, వెనుక జనానా మహలులు దక్కనీ ప్రభువర్గ జీవనపద్ధతిని అనుసరించాయి. భవనం చుట్టూ దాన్ని పోషించే పొలాలు లేవు. పాయెగాల రాబడి దూరాన ఉన్న జాగీరు గ్రామాలది. వికారాబాదు పేరు ఆ ప్రభువు జ్ఞాపకమే. తరువాత ఈ భవనం ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ వశమైంది. 1911లో ఆయన అక్కడే మరణించారు.

దోమకొండ గడి

2016 వరకు నిజామాబాదు జిల్లాలో ఉండి, నేడు కామారెడ్డి జిల్లాలో ఉన్న దోమకొండ సంస్థానపు గడి ఇందుకు భిన్నం. రాతికోట, లోపల మహలు, కాకతీయుల నాటి మహాదేవాలయం దాని స్వరూపం. అది తన ఊరి నడుమ, తన భూములకు చేరువలో నిలిచింది. ఆకృతిలో ఇంగ్లండు పల్లె భవనానికి దగ్గర ఫలక్‌నుమా. ప్రయోజనంలో దగ్గర గడి.

ముగింపు

1949లో జాగీర్దారీ రద్దుతో ఈ వ్యవస్థకు ఆధారం పోయింది. ఫలక్‌నుమా 2010లో హోటలుగా తెరుచుకుంది. దోమకొండ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా–పసిఫిక్ పురస్కారం లభించింది. రాయి, సున్నం నిలవడం హర్షణీయమే. కాని తెలంగాణ పల్లెల్లో గడి అనే మాట వెట్టిచాకిరీ జ్ఞాపకాన్నీ మోస్తుంది. శిస్తు కట్టిన రైతునూ, సున్నం మోసిన కూలీనీ విడిచి స్తంభాలను మాత్రమే వర్ణిస్తే వాస్తుచరిత్ర అసంపూర్ణమవుతుంది.