పొట్టి తుపాకి – దూరపు గురి

ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని కార్యదర్శిగారు రెండుసార్లు కబురు చేశారు. డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించి సాధికారంగా రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను సర్వీసంతా నోట్ ఫైళ్ళు, రిమైండర్లు రాసినవాణ్ణి. వారి పక్కన నా వ్యాసం వెలవెలబోతుంది. అందుకని ఎవరూ ముట్టుకోని విషయం ఒకటి తీసుకున్నాను. తుపాకి. మిత్రులు కంగారు పడనవసరం లేదు. ఈ గుమాస్తా చేతిలో అది ఉన్నది మొత్తం కలిపి కొన్ని గంటలే, అదీ అరవై ఏళ్ళ కిందట!

1962 చైనా యుద్ధం తరువాత, 1963 నుంచి, కాలేజీ మగపిల్లలకు ఎన్.సి.సి. తప్పనిసరి చేశారు. నేను 1966లో డిగ్రీలో చేరాను. వారానికి రెండు పెరేడ్లు, ఖాకీ బట్టలకు గంజి, పెరేడ్ అయ్యాక రిఫ్రెష్‌మెంటు. ఈ సంచిక చదివే నా తోటివారికి ఆ పూరీల రుచి గుర్తుండే ఉంటుంది. ముందు పాయింట్ టూటూ రైఫిల్‌తో ఇరవై అయిదు గజాల దూరం నుంచి కాల్పించారు. అది బొమ్మ తుపాకిలా ఉండేది, దానితో నేను బాగానే కొట్టాను. ఆ ధీమాతోనే క్యాంపులో చాంద్‌మారీకి వెళ్ళాను. ఊరి బయట కొండ, దాని పాదాన మట్టి గట్టు, పైన ఎర్ర జెండా. చేతికి త్రీనాట్‌త్రీ ఇచ్చారు. దూరం వంద గజాలు, రౌండ్లు అయిదు.

మొదటి రౌండు పేలగానే భుజం మీద ఎవరో రోకలితో పొడిచినట్లయింది. తరువాతి నాలుగూ ఎలా పేల్చానో నాకే తెలియదు. అయిదింటిలో ఒకటి కాగితం అంచున తగిలింది. మిగతా నాలుగింటికీ గోతిలో ఉన్నవాళ్ళు జెండా ఊపారు. జెండా ఊపారంటే కాగితానికి తగల్లేదని అర్థం. నా వెనుక వరుసలో కూర్చున్న మిత్రులు నవ్వారు. నాకు రోషం వచ్చి, వచ్చీరాని హిందీలో "ఉస్తాద్, రైఫిల్ ఖరాబ్ హై" అన్నాను.

మా ఉస్తాద్ మద్రాసు రెజిమెంటు హవల్దారు. శ్రీకాకుళం జిల్లావాడు, బర్మా యుద్ధం చూసినవాడు. నన్ను కోప్పడలేదు. అదే రైఫిల్ తీసుకుని, నేను పడుకున్న చోటే పడుకుని అయిదు రౌండ్లు కాల్చాడు. కాగితం తెప్పించి చూస్తే అయిదు చిల్లులూ అరచేతిలో పట్టేంత చోట ఉన్నాయి. అయితే అవి నడిమధ్యన లేవు, ఎడమకు, కాస్త కిందికి పడ్డాయి. అప్పుడు తెలుగులో అన్నాడు: "ఉందిరా బాబూ, తుపాకిలో తప్పుంది. దీని తప్పు ఒక్కచోటే ఉంది. నీ తప్పు నాలుగు చోట్ల ఉంది."

ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. 2007లో రిటైరయ్యాక తీరిక దొరికి, లైబ్రరీలో యుద్ధచరిత్ర పుస్తకాలు తిరగేస్తుంటే, ఈ తగాదా నాదీ ఉస్తాద్‌దీ మాత్రమే కాదనీ, ఒక సామ్రాజ్యమంతా ఇదే తగాదా పడిందనీ తెలిసింది. తప్పు తుపాకిదా, మనిషిదా?

కార్బైన్ అనగానే మన వాళ్ళకు పోలీసుల భుజాన వేలాడిన 9 ఎం.ఎం. కార్బైన్ గుర్తొస్తుంది. అది స్టెర్లింగ్ నమూనా, మన కాన్పూర్‌లో తయారైంది. దగ్గరి పనికి పుట్టిన వేరే జాతి అది. నేను చెప్పేది పాతకాలపు కార్బైన్. గుర్రం మీద కూర్చున్నవాడికి పొడుగు రైఫిల్ అడ్డం కనుక గొట్టం కోసి పొట్టిగా చేసిన తుపాకి అన్నమాట. 1896లో బ్రిటిష్ గుర్రపు దళాలకు ఇచ్చిన లీ ఎన్‌ఫీల్డ్ కార్బైన్‌కు గొట్టం సుమారు 21 అంగుళాలు, పెట్టెలో ఆరు తూటాలు. కాల్బలం రైఫిల్‌కు గొట్టం 30 అంగుళాల పైన, తూటాలు పది. రౌతుకు కత్తి, బల్లెం ముఖ్యమనీ, కార్బైన్ ఏదో ఆపద్ధర్మానికనీ ఆనాటి దొరల నమ్మకం.

ఆ నమ్మకం 1899లో దక్షిణాఫ్రికాలో దెబ్బతిన్నది. అక్కడి బోయర్లు రైతులు. చిన్నతనం నుంచి గుర్రం మీద తిరుగుతూ వేటాడిన చేతులు వాళ్ళవి. వాళ్ళ దగ్గర జర్మనీ నుంచి తెప్పించిన మౌజర్ రైఫిళ్ళు ఉన్నాయి. అయిదేసి తూటాల పట్టీ ఒక్క నొక్కుతో లోపలికి దిగేది. బ్రిటిష్ సిపాయి ఒక్కొక్క తూటా వేలితో తోసుకోవాలి. 1899 డిసెంబరు 15న ట్యుగేలా నది ఒడ్డున కొలెన్సో దగ్గర 12 ఫిరంగులను ముందుకు తోలుకెళ్ళిన బ్రిటిష్ దళం మీద, దాదాపు వెయ్యి గజాల నుంచి, కందకాల్లో కనపడకుండా కూర్చున్న బోయర్లు కాల్పులు కురిపించారు. ఫిరంగి దగ్గర మనిషి నిలబడలేకపోయాడు. పన్నెండింటిలో పది ఫిరంగులు పోయాయి.

ఆ మైదానంలో మనవాళ్ళూ ఉన్నారు. గాంధీజీ నడిపిన భారతీయ అంబులెన్సు దళంలో సుమారు 1,100 మంది ఉండగా వారిలో 800 మంది దాకా ఒప్పంద కూలీలు. నాటాల్ చెరకు తోటలకు మద్రాసు రేవు నుంచి ఓడలెక్కిన కూలీలలో తమిళులతోపాటు తెలుగువారు ఎంతోమంది. కాబట్టి ఆ డోలీలు మోసిన భుజాల్లో గోదావరి, విశాఖ జిల్లాల భుజాలు ఉండవచ్చుననుకుంటే నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఫిరంగులను వెనక్కి తేబోయి ప్రాణాలు పోగొట్టుకున్న వారిలో లెఫ్టినెంట్ రాబర్ట్స్ ఒకడు. అతణ్ణి మోసుకొచ్చింది తమ దళమేనని గాంధీజీ దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రలో రాసుకున్నారు.

ఆ కుర్రవాడి తండ్రి లార్డ్ రాబర్ట్స్. మన కాన్పూర్‌లో 1832లో పుట్టిన దొర. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి, తరువాత 1893 దాకా యావత్ భారత సైన్యానికి సేనాధిపతి. మద్రాసువాళ్ళు యుద్ధానికి పనికిరారన్న సిద్ధాంతానికి పెద్ద దిక్కు ఆయనే. ఆ సిద్ధాంతం ఫలితంగా దక్షిణాది దళాలు తగ్గుతూ తగ్గుతూ, 1920లలో మద్రాసు రెజిమెంటునే రద్దు చేశారు. మళ్ళీ 1941లో, యుద్ధం నెత్తి మీదికి వచ్చాక, ఎత్తి కట్టారు. మా ఉస్తాద్ అందులోనే చేరి బర్మా వెళ్ళాడు. ఏం పనికిరారో ఆ అయిదు చిల్లులు చూసినవాణ్ణి నన్నడగండి! అంతవరకు నాకు ఆ దొర మీద కోపం ఉంది. కొడుకు పోయిన కొద్ది రోజులకే దక్షిణాఫ్రికాకు సేనాధిపతిగా ఓడ ఎక్కిన ఆ ముసలాయన మీద మాత్రం కోపం రాదు.

రాబర్ట్స్ అక్కడ ఒకటి గమనించాడు. కార్బైన్ పట్టుకున్న రౌతు ఎంత ధైర్యవంతుడైనా, మౌజర్ పట్టుకున్న రైతు అతణ్ణి దగ్గరికి రానివ్వడం లేదు. దాంతో గుర్రపు దళాలకూ పూర్తి రైఫిళ్ళు ఇప్పించాడు. కత్తి, బల్లెమే రౌతుకు శోభ అని ఫ్రెంచ్, హేగ్ వంటి గుర్రపు దళాధిపతులు తరువాత చాలా ఏళ్ళు గొణిగారు.

ఇక్కడ మా ఉస్తాద్ గుర్తొచ్చే సంగతి ఒకటుంది. ఆ యుద్ధానికి పంపిన లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళలో కొన్నింటికి సైట్లు వంకరగా బిగించి, 500 గజాల దూరంలో గుండు పద్దెనిమిది అంగుళాలు కుడికి పోయేదట. పద్దెనిమిది అంగుళాలంటే మనిషి గుండె మీద గురిపెడితే భుజం పక్కనుంచి పోవడమే. అయినా అది ఒకేచోట ఉండే తప్పు, కనుక సైటు సవరిస్తే తీరిపోయింది.

గొట్టం పొట్టిదైతే దూరపు గురి ఎందుకు చెడుతుంది? గుండు వేగం కొంత తగ్గుతుంది, అందువల్ల దూరం పోయేకొద్దీ ఎక్కువ కిందికి జారుతుంది. మంట, చప్పుడు ముఖానికి దగ్గరవుతాయి. అన్నిటికంటే ముఖ్యం వెనుక సైటుకూ ముందు సైటుకూ మధ్య దూరం తగ్గడం. లెక్క వేసి చూద్దాం, లెక్కలే కదా మన వృత్తి! ఆ రెంటి మధ్య 30 అంగుళాలు ఉండి, ముందు సైటు అంగుళంలో నూరో వంతు పక్కకు జరిగిందనుకోండి. 300 గజాల దగ్గర గుండు 3.6 అంగుళాలు తప్పుతుంది. మధ్య దూరం 20 అంగుళాలే అయితే అదే తప్పు 5.4 అంగుళాలు. అంటే పొట్టి తుపాకి పట్టినవాడు ఇంకా ఒద్దికగా ఉండాలి. దూరం అంచనా వేయడంలోనూ అంతే, వంద గజాలు తక్కువ లెక్కవేస్తే గుండు ముందే నేలను తాకుతుంది.

బ్రిటిష్‌వారు చివరకు మధ్యేమార్గం పట్టారు. 1903లో కాల్బలానికీ గుర్రపు దళానికీ ఒకటే తుపాకి ఖరారు చేశారు. దాని గొట్టం 25 అంగుళాల పైచిలుకు. రైఫిల్‌కు పొట్టి, కార్బైన్‌కు పొడుగు. మన ఇషాపూర్ ఫ్యాక్టరీలో దశాబ్దాల పాటు తయారైందీ, మనందరికీ త్రీనాట్‌త్రీ పేరుతో తెలిసిందీ ఈ వంశమే. అప్పట్లో దాన్ని తిట్టనివాడు లేడు. ఇంత పొట్టి గొట్టంతో దూరం కొట్టలేమన్నారు. దాని స్థానంలో వేరే రైఫిల్ తయారు చేయడం కూడా మొదలుపెట్టారు.

ఈలోగా ఇంగ్లండులో హైత్ అనే ఊరి మస్కెట్రీ స్కూలులో ఆ తిట్లు తిన్న తుపాకితోనే మనుషులను తీర్చిదిద్దుతున్నారు. 1905 నుంచి 1909 వరకు అక్కడ ప్రధాన శిక్షకుడిగా ఉన్న మెక్‌మహాన్ మెషీన్‌గన్లు ఎక్కువ కావాలని పట్టుబట్టాడు. ప్రభుత్వం డబ్బు లేదంది. (ఈ జవాబు మనకు కొత్త కాదు.) అయితే సిపాయినే మెషీన్‌గన్ చేస్తానన్నాడాయన. 300 గజాల దూరంలోని గురి మీద ఒక్క నిమిషంలో 15 రౌండ్లు, ప్రతిదీ చూసి కొట్టాలి. వేగంగా బోల్టు ఆడించడం ఒక ఎత్తు. ఆ వేగంలోనూ ప్రతి రౌండుకూ ఊపిరి బిగించి, ట్రిగ్గరు మెల్లగా పిండడం ఇంకొక ఎత్తు. 1914 ఆగస్టు 23న మాన్స్ దగ్గర ఆ కాల్పులకు ఎదురైన జర్మన్లు అవి మెషీన్‌గన్లే అనుకున్నారని చెప్పుకుంటారు. మెక్‌మహాన్ అదే ఏడాది నవంబరులో ఈప్ర్ దగ్గర చనిపోయాడు. తిట్లు తిన్న తుపాకి మాత్రం ఇంకో యుద్ధం కూడా చూసింది.

మనిషిదే తప్పని నేను తీర్పు ఇచ్చేసేవాణ్ణే గాని, 1944 అడ్డం వచ్చింది. బర్మా, మలయా అడవుల కోసం త్రీనాట్‌త్రీని మళ్ళీ కోశారు. గొట్టం 18 అంగుళాల చిల్లర, మంట కనపడకుండా కొసన గరాటు, మడమకు రబ్బరు. పేరు జంగిల్ కార్బైన్. మోయడానికి హాయి, కాలిస్తే భుజం వాచేది. యుద్ధం చివర్లో కొద్ది రోజులు తన చేతికి వచ్చిందని ఉస్తాద్ చెప్పేవాడు. ఆ తుపాకి మీద ఒక ఫిర్యాదు వచ్చింది. ఇవాళ సైటు సరిచేస్తే రేపు గుండు వేరే చోట పడుతోంది, మళ్ళీ సరిచేస్తే ఇంకో చోట. బరువు తగ్గించడానికి లోహం తొలవడం వల్లనని కొందరు, కాదని కొందరు. ఎంత పరీక్షించినా మందు దొరకలేదు. 1947లో తయారీ ఆపేశారు. తప్పు ఒకేచోట ఉండని తుపాకీ ఉందన్నమాట! ఉస్తాద్ బతికి ఉంటే ఆయన ముందు పెట్టవలసిన ఫైలు ఇది.

నా తప్పు మాత్రం ఆయన వారం రోజుల్లో పట్టేశాడు. నాకు తెలియకుండా మ్యాగజీన్‌లో అసలు తూటాల మధ్య ఒక డమ్మీ పెట్టాడు. నేను ట్రిగ్గరు నొక్కాను. పేలలేదు గాని, గొట్టం మొన జానెడు కిందికి వంగింది. వెనుకనున్నవాళ్ళందరూ చూశారు. పేలుతుందన్న భయంతో నేనే ముందుగా తుపాకిని తోసేస్తున్నాను! ఆ తరువాత నెలల తరబడి ఖాళీ రైఫిల్‌తో నేల మీద పడుకోబెట్టి, గొట్టం మీద అయిదు పైసల బిళ్ళ నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గరు పిండమనేవాడు. దూరపు కాగితం మసకగా కనిపిస్తుందంటే, "కాగితం మసకైనా పరవాలేదు, ముందు సైటు మొన సూదిలా కనపడాలి, అదే దురుస్త్ షిస్త్" అనేవాడు. మసకకు కారణం నా కళ్ళేనని అప్పటికి ఇద్దరికీ తెలియదు.

1968 చలికాలపు క్యాంపులో రెండువందల గజాల నుంచి కాల్చాను. అయిదింటికి నాలుగు లోపలి వలయంలో పడ్డాయి. ఉస్తాద్ ఏమీ అనలేదు. కాగితం చుట్టి నా చేతికిచ్చాడు. ఆ ధైర్యంతో మరుసటి ఏడు సైన్యంలో ఆఫీసరు ఉద్యోగానికి దరఖాస్తు పెడితే, కంటి పరీక్ష దగ్గరే వెనక్కి పంపారు. మా నాన్నగారు కళ్ళద్దాలు కొనిపెట్టి, సర్వీస్ కమిషన్ పరీక్షకు కట్టమన్నారు. 1971లో గుమాస్తా ఉద్యోగంలో చేరాను.

ఆ కాగితం ఇప్పటికీ బీరువాలో నా పెన్షన్ పేమెంట్ ఆర్డరు ఫైలులోనే ఉంది. ఏటా లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చే నెలలో ఆ ఫైలు తీసినప్పుడు మనవడు అడుగుతాడు, అయిదోది ఎక్కడికి పోయింది తాతయ్యా అని. ఎడమకు, కాస్త కిందికి.