లెండ్-లీజు చట్టము: పుట్టుపూర్వోత్తరాలు

మిత్రుని ఆయుధవ్యయమును మరియొక రాజ్యము భరించుట ప్రాచీనమైన ఆచారమే. 1758లో బ్రిటను ప్రష్యా ప్రభువైన ఫ్రెడరిక్కునకు ఏటేట 6,70,000 పౌనులు చెల్లింప నొడంబడెను. 1800లో నిజాము, తన రాజ్యమున నిలిపిన ఇంగ్లీషు కుంపిణీ సేనల ఖర్చు నిమిత్తము బళ్లారి, కడప సీమలను ధారపోయగా అవి దత్తమండలములైనవి. రొక్కమో భూమియో చేతులు మారుటయే అంతవరకు నడచిన పద్ధతి. దానిని విడిచి, యుద్ధసామగ్రినే మిత్రులకు అప్పగించు విధానమును విస్తృతముగా చట్టబద్ధము చేసినది, 1941 మార్చి 11న అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టు సంతకము చేసిన లెండ్-లీజు చట్టము.

దీని మూలములు ప్రథమ ప్రపంచసంగ్రామపు బాకీలలో నున్నవి. నాటి అప్పులను ఐరోపా రాజ్యములు తీర్పకపోగా, ఎగవేసిన ప్రభుత్వములకు అమెరికాలో మరల అప్పు పుట్టకుండ 1934లో జాన్సన్ శాసనము వెలసెను. 1939 నాటి తటస్థతాశాసనము, పోరాడు దేశములు రొక్కమిచ్చి సరకు కొని తమ నావలపైననే తరలించుకొనవలెనని విధించెను. ద్వితీయ ప్రపంచసంగ్రామమున ఫ్రాన్సులోని డంకర్కు తీరమున ఫిరంగులను, వాహనములను వదలి ప్రాణములతో మరలిన తన సేనకు తిరిగి సాధనములు సమకూర్చుటలో బ్రిటను బంగారమును డాలరులును హరించుకొనిపోవగా, ఇక చెల్లింపు సాగదని బ్రిటిషు ప్రధాని చర్చిల్ 1940 డిసెంబరులో రూజ్‌వెల్టునకు సుదీర్ఘమైన లేఖ వ్రాసెను. ప్రజాశ్రేయస్సునకని తోచినచో సైన్యపు ఆస్తిని ఐదేండ్లకు మించని కౌలున కీయవచ్చునను 1892 నాటి శాసనమొకటి అమెరికా ధనశాఖ న్యాయవాదుల కంటబడి యుండెను; మార్గము అచ్చట దొరకినది. ఇల్లంటుకొన్న పొరుగువానికి తోట గొట్టమిచ్చువాడు ముందుగా దాని వెల అడుగడనియు, మంటలారిన పిదప గొట్టమును తిరిగి పుచ్చుకొనుననియు డిసెంబరు 17న రూజ్‌వెల్టు పత్రికావిలేఖరులతో పలికిన పలుకు, ఆర్థికశాస్త్రజ్ఞుల వాదములకంటె వేగముగా ప్రజల మనస్సుల కెక్కెను.

ప్రతినిధి సభలో 260–165, సెనేటులో 60–31 ఓట్లతో బిల్లు నెగ్గెను. తొలి కేటాయింపు 700 కోట్ల డాలరులు. ఇందలి కీలకమేమనగా, ఆ ధనము దేశము దాటలేదు: అమెరికా ప్రభుత్వమే అమెరికా కర్మాగారములనుండి సామగ్రి కొని, ఏ దేశపు రక్షణ తన రక్షణకు అత్యావశ్యకమని అధ్యక్షుడు నిర్ణయించునో ఆ దేశమునకు అప్పగించెను. కనుకనే మిత్రులకు సాయపడిన చట్టము స్వదేశపు ఆయుధోత్పత్తికిని పెట్టుబడియైనది. యుద్ధాంతమునకు మొత్తము సుమారు 5,000 కోట్ల డాలరులకు చేరగా, అందు 3,100 కోట్లకు పైగా బ్రిటిషు సామ్రాజ్యమునకును, 1,100 కోట్లకు పైగా సోవియెట్ రష్యాకును దక్కినవి. చైనా వంతులో కొంత మన అస్సాము విమానస్థావరములనుండి హిమాలయములమీదుగా సాగెను.

ఇదే కాలమున భారతదేశము సైతము బ్రిటను యుద్ధమునకు సరకు సమకూర్చినది. దాని ఖరీదు లండనులో స్టెర్లింగు ఖాతాకు జమపడుచుండగా, ఆ జమను ఆధారము చేసికొని ఇచ్చట రిజర్వుబ్యాంకు రూపాయి నోట్లు విడుదల చేసెను. నోట్లు పెరిగినవి, సరకు తరిగినది, ధరలు మండినవి. 1943 నాటి వంగదేశపు కరవున లక్షలాది జనము మడియుటకు ఆ ధరలును ఒక హేతువు. పోరు ముగియునాటికి మనకు రావలసిన బాకీ సుమారు 130 కోట్ల పౌనులు. సంపన్నమైన అమెరికా తన మిగులుశక్తినుండి ఇచ్చినది; నిరుపేద భారతము, సమ్మతి నడుగువారు లేకయే, తన కడుపు మాడ్చుకొని ఇచ్చినది. లెండ్-లీజు ఔదార్యమును కీర్తించు చరిత్రకారులు ఈ రెండవ పద్దును కూడ దాని ప్రక్కన వ్రాయవలెను.