అధికారి తప్పిదము – పరిహార భారము

గోలకొండ సుల్తానుల కాలమున పాల్వంచ పరగణాకు తహసీలుదారైన కంచెర్ల గోపన్న, సర్కారు పైకమును భద్రాచల రామునికి గుడి కట్టించుటకై వ్యయపఱచి చెఱసాల పాలయ్యెనను గాథ మీరందఱు నెఱిగినదే. ఆనాడు అధికారి ప్రభువునకు లెక్క యొప్పగింపవలసియుండెను. కాని యధికారివలన రైతునకో వర్తకునకో నష్టము కలిగినచో దానిని తీర్చువారెవరు? ఈ ప్రశ్నకు న్యాయస్థానములలో నుత్తరము మెల్లమెల్లగా వచ్చినది.

1861లో కలకత్తాయం దొక వ్యాజ్యము నడచెను. సర్కారు ఓడల రేవులోని కూలీలు బరువైన యినుపసామాను మోసికొనిపోవుచు, అజాగ్రత్తచే నొక కంపెనీవారి బండిగుఱ్ఱమునకు గాయము కలిగించిరి. న్యాయస్థానము ప్రభుత్వమును బాధ్యురాలినిగా నిర్ణయించెను గాని, యొక భేదమును కల్పించెను. వ్యాపారమువంటి పనులలో సర్కారు బాధ్యత వహించును. రాజ్యాధికారముతో చేయు పనులలో వహింపదు.

ఈ భేద మెంత కఠినమో తరువాత తెలిసినది. 1947లో మీరట్ పోలీసు లొక వర్తకునియొద్ద 103 తులములకు పైగా బంగారమును పట్టుకొనిరి. దానిని కాపాడవలసిన హెడ్ కానిస్టేబులే యపహరించి పాకిస్తానునకు పారిపోయెను. పోలీసుల యజాగ్రత్త రుజువైనను, వారు చేసినది రాజ్యాధికార కృత్యమని 1964లో సుప్రీంకోర్టు దావాను కొట్టివేసెను.

ఆ ధోరణిని త్రిప్పినది ఆంధ్రప్రదేశమునుండి వెళ్లిన వ్యాజ్యము. 1975లో అధికారు లొక వర్తకుని యెరువులను, ధాన్యమును జప్తుచేసిరి. ఎరువు నిలువయున్నకొలది చెడును. సకాలమున నమ్మించి సొమ్ము భద్రపఱుపవలసినది. అందుకెవరును పూనుకొనలేదు. తుదకు సరకు విడుదలయగునప్పటికి ఎరువు పాడైయుండెను. రాష్ట్రప్రభుత్వమే యా నష్టమును చెల్లింపవలెనని 1994లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

అయితే ఖజానా సొమ్మనగా మనము కట్టిన పన్నే. లక్నో నగరాభివృద్ధి సంస్థ వ్యాజ్యమందు 1993లో ఆ న్యాయస్థానమే యీ సంగతిని గుర్తించి, పరిహారమును మొదట నిధులనుండి చెల్లించి, పిదప బాధ్యులైన యుద్యోగులనుండి రాబట్టవలెనని యాదేశించెను. సద్బుద్ధితో పనిచేసిన యుద్యోగికి మాత్రము పెక్కు చట్టములు రక్షణ నిచ్చుచున్నవి. ఆ రక్షణ లేనిచో దొంగసరకు పట్టుకొనుటకైన నెవడు సాహసించును?

అయ్యలారా, ఇట్టి వ్యాజ్యములలో కాగితము మిక్కిలి ముఖ్యము. మీ గ్రామమున నధికారులు సరకు పట్టుకొన్నపుడు, తూకమును తేదీని వ్రాయించి రసీదు పుచ్చుకొనుడు. చెడిపోవు సరకైనచో వెంటనే యర్జీ పెట్టుడు. అది నిజాయితీగల యుద్యోగికిని రక్షణయే యగును.